పేజ్‌మేకర్ ఫైలు నుంచి పాఠకుడి ఫోన్ దాకా: తెలుగు పుస్తకానికి ఒకే మూలప్రతి

పాతికేళ్ల కిందట తెలుగులో కథల పుస్తకం వెయ్యాలంటే దారి దాదాపు ఒక్కటే. చేతిరాత కాగితాలు పట్టుకుని విజయవాడలోనో హైదరాబాదులోనో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) సెంటర్‌కి వెళ్లాలి. అక్కడ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో కొట్టి ఇచ్చేవాళ్లు. మూడు ప్రూఫులు దిద్ది, వెయ్యి కాపీలు అచ్చేయించి, అమ్మిపెట్టేవాళ్లకు ధరలో 40 శాతం, ఒక్కోసారి 50 శాతం వదులుకోవాలి. అమ్ముడుపోని కట్టలు అటకెక్కేవి.

ఇప్పుడు అదే పుస్తకాన్ని అచ్చులో, ఈబుక్‌గా, ఆడియోగా, వారం వారం సీరియల్‌గా ఇవ్వొచ్చు. చాలామంది రచయితలకు చిక్కు పడేది ఇక్కడే. అచ్చుకు ఒక ఫైలు, ఫేస్‌బుక్కుకు ఇంకోటి, పత్రికకు పంపింది మరోటి, ఈబుక్కు వేరొకటి. ఒకదాంట్లో దిద్దిన తప్పు ఇంకోదాంట్లో అలాగే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: యూనికోడ్‌లో, దిద్దిన, ఒకే ఒక్క మూలప్రతి. మిగతావన్నీ దాంట్లోంచి తీసేవే.

యూనికోడ్ ఎందుకు, అను ఎందుకు కాదు

పాత అను ఫైల్లో తెరమీద ‘అమ్మ’ అని కనిపిస్తుంది కానీ కంప్యూటర్ దాచుకున్నది అమ్మని కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ఒక వరసని. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు తీసేస్తే చెత్త. యూనికోడ్‌లో ‘అ’కు తనదైన సంకేతం ఉంది, ఏ యంత్రంలోనైనా అదే. వెతకడం, గట్టిగా చదివించడం, ఈబుక్ చెయ్యడం, గూగుల్‌కు దొరకడం, అన్నీ దీనిమీదే ఆధారపడ్డాయి. చూపులేని పాఠకులు ఫోన్‌లో తెరమీది పాఠాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో తెలుగు వింటున్నారంటే కారణం ఇదే. అను పీడీఎఫ్‌నో, కథను ఫొటో తీసి పెట్టిన బొమ్మనో టాక్‌బ్యాక్ కథలా చదవలేదు.

యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. మామూలు వాడకందారుకు అందింది మాత్రం 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకనే. అంతకు ముందు 1990లలో అమెరికాలోని తెలుగువాళ్లు ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాసుకుని, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే పద్ధతిని టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తయారుచేసుకున్నారు. ఇవాళ ఫోన్‌లో ‘అమ్మ’ కోసం ఇంగ్లీషు అక్షరాలు కొట్టేవాళ్లు వాడుతున్నది ఆ తరహా పద్ధతినే.

మీ దగ్గరున్న ఫైలు ఏదో తెలియకపోతే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు కనిపిస్తే యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తే పాత ఫాంటు.

అడుగు 1: టైపు చేసే పద్ధతి ఒకటి ఎంచుకోండి

రోజుకు వెయ్యి మాటలకు పైగా రాసేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) మేలు. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. విండోస్‌లో, లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో విడిగా ఏమీ కొనకుండానే దొరుకుతుంది. మొదటి రెండు మూడు వారాలు వేళ్లు మొరాయిస్తాయి. ఆ తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగు గురించి ఆలోచించాల్సిన పని ఉండదు.

తక్కువ రాసేవాళ్లకు లేఖిని, గూగుల్ ఇన్‌పుట్ టూల్స్, జీబోర్డు లాంటివి చాలు. వీటిలో ఇంగ్లీషు అక్షరాలతో కొడతాం కాబట్టి ‘ళ’కు బదులు ‘ల’, ‘ణ’కు బదులు ‘న’, దీర్ఘానికి బదులు హ్రస్వం పడే అవకాశం ఎక్కువ. దిద్దేటప్పుడు ముందు వీటినే వెతకాలి.

మాండలికంలో రాసేవాళ్లు ఒక పని తప్పక చెయ్యాలి: ఫోన్‌లో ఆటోకరెక్షన్ ఆపెయ్యండి. తెలంగాణ కథలో పాత్ర ‘పోతున్నడు’ అంటే కీబోర్డు ‘పోతున్నాడు’ చేసి పెడుతుంది. పది పేజీల తర్వాత చూసుకుంటే సగం చోట్ల ఒకలా, సగం చోట్ల ఇంకోలా ఉంటుంది. మాట్లాడుతుంటే టైపు చేసే సదుపాయంలోనూ ఇదే తంటా. గూగుల్ డాక్స్‌లో టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ ఉంది, క్రోమ్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఎస్ నొక్కినా వస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు. వ్యాసాలకూ జ్ఞాపకాలకూ బాగా పనికొస్తుంది. సంభాషణలకు పనికిరాదు, ఎందుకంటే యాసను అది పుస్తక భాషగా సాపు చేస్తుంది. విరామ చిహ్నాలు మీరే పెట్టుకోవాలి. దిద్దిపెడతామనే కృత్రిమ మేధ పనిముట్లకూ ఇదే జబ్బు ఉంది: తప్పు చూపించమంటే వాక్యమే మార్చేస్తాయి. వాటికి కథంతా ఇవ్వకండి. ఒక్కో పేరా ఇచ్చి, తేడాలు చూసి, నచ్చినవి చేత్తో ఎక్కించుకోండి.

అడుగు 2: పాత అను ఫైలును బయటికి తీయడం

పాత పుస్తకాన్ని మళ్లీ వేసుకోవాలనుకునే రచయితలకు అసలు పని ఇదే. తొందరపడితే మళ్లీ టైపు చేయించుకోవడం కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

ముందు డీటీపీ ఆపరేటర్ దగ్గర పేజ్‌మేకర్ ఫైలునే అడిగి తీసుకోండి, పీడీఎఫ్ కాదు. పీడీఎఫ్‌లో అక్షరాలు తెరమీద కనిపించే వరసలో దాచి ఉంటాయి, చదివే వరసలో కాదు. వత్తులు ముందువెనక అవుతాయి, వరస చివర పదాలు తెగుతాయి.

ఆ తర్వాత వరస ఇది.

1. పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్‌లో ఫైలు తెరిచి, టెక్స్ట్ టూల్‌తో కథ మీద క్లిక్ చేసి కంట్రోల్-ఎ నొక్కండి. ఆ కథ మొత్తం ఎంపికవుతుంది. ప్రతి కథా విడి స్టోరీగా ఉంటే ప్రతిదానికీ ఇదే చెయ్యాలి. శీర్షికలూ పాదసూచికలూ విడి పెట్టెల్లో ఉంటాయి, మర్చిపోతారు.

2. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ద్వారా ఆర్‌టీఎఫ్‌గా (ఫాంటు వివరాలు కూడా దాచుకునే ఫైలు రకం) తీయండి, ఉత్త టెక్స్ట్‌గా వద్దు. కథ మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు ఏ ఫాంటులో ఉన్నాయో ఆర్‌టీఎఫ్‌లో నిలుస్తుంది. ఉత్త టెక్స్ట్‌లో ఆ గుర్తు పోతుంది కాబట్టి, మార్చే పనిముట్టు ఇంగ్లీషు మాటను కూడా అను అక్షరాలే అనుకుని అర్థంలేని తెలుగుగా మార్చేస్తుంది.

3. ఆ ఆర్‌టీఎఫ్‌ను అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్టుకు ఇచ్చేముందు, ఫైలు అను 6వ వెర్షన్‌లో చేసిందా, 7లో చేసిందా తెలుసుకోండి. రెంటి అమరికలూ ఒకటి కావు. ఒకదానికి రెండోదాని మార్పిడి వాడితే చాలా అక్షరాలు సరిగ్గా వచ్చి కొన్ని వత్తులు మాత్రం తారుమారవుతాయి. ఆ తప్పులు చూడగానే కంటికి ఆనవు.

4. మొత్తం పుస్తకం ఒకేసారి మార్చకండి. ముందు ఒక పేజీ మార్చి అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. ఏ గుణింతం తప్పుతోందో ఒక జాబితా రాసుకుంటే మిగతా పుస్తకంలో ఆ తప్పులన్నీ ‘వెతికి మార్చు’తో ఒక్క దెబ్బకు పోతాయి.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. యూనికోడ్ దానికి తెలియదు. దాన్ని నడిపించగల కంప్యూటర్లు, ఆ పని తెలిసిన ఆపరేటర్లు ఏటేటా తగ్గుతున్నారు. పాత ఫైళ్లున్నవాళ్లు ఈ పని వాయిదా వెయ్యకపోవడం మంచిది.

అచ్చు పుస్తకం తప్ప ఫైలే లేకపోతే

పేజీలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చెయ్యండి. ఫోన్‌తో తీస్తే కాగితం చదునుగా ఉండాలి, నీడ పడకూడదు. ఆ బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కుడి క్లిక్‌తో గూగుల్ డాక్స్‌లో తెరిస్తే అక్షరాలు విడిగా వస్తాయి. ఒక్కో ఫైలు 2 ఎంబీ దాటకుండా చూసుకోండి. ఉచిత పనిముట్టు టెసరాక్ట్‌కు కూడా తెలుగు వచ్చు. ఆఫ్‌సెట్ (ప్లేట్ల మీదుగా వేసే నేటి ప్రెస్ పద్ధతి) అచ్చు బాగానే వస్తుంది. విరిగిన టైపులతో కొట్టిన పాత లెటర్‌ప్రెస్ పుస్తకాల్లో ధ-థ, ప-వ, ఘ-ఫ, చ-ఛ, ఎ-ఏ తారుమారవుతాయి. చేతిరాత మీద దీన్ని నమ్ముకోవద్దు, టైపు చేయించడమే చవక.

అడుగు 3: దిద్దడం

తెలుగుకు ఇంగ్లీషులో ఉన్నంత నమ్మకమైన స్పెల్‌చెక్ లేదు. మన మాటలు విభక్తులతో, సంధులతో అతుక్కుని కొత్త రూపాలు ఎత్తుతాయి. ‘వెళ్లిపోయినవాళ్లలోంచి’ లాంటి మాట ఏ నిఘంటువులోనూ ఉండదు, అందుకని దాని కింద ఎర్రగీత పడుతుంది. గీతల్ని నమ్ముకోకుండా, ముందు యంత్రం చెయ్యగల పనిని యంత్రానికి ఇచ్చి, తర్వాత మనిషి చదవాలి.

యంత్రంతో దిద్దాల్సినవి:

సున్న. ఒకేలా కనిపించే దొంగలు మూడున్నాయి: ఇంగ్లీషు ఓ అక్షరం, అంకె 0, తెలుగు అంకె ౦. చాలామంది ‘ం’ బదులు వీటిలో ఏదో ఒకటి కొట్టేస్తారు. కంటికి తేడా తెలియదు, కానీ ఆ మాట వెతికితే దొరకదు, గట్టిగా చదివించే యాప్ అక్కడ తడబడుతుంది.

విసర్గ. ‘దుఃఖం’లో రెండు చుక్కల బదులు ఇంగ్లీషు కోలన్ ఉంటుంది. వరస చివర పడినప్పుడు మాట అక్కడ విరిగిపోతుంది.

ఐత్వం. దీన్ని రెండు రకాలుగా దాచొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దానికింద ఐత్వపు తోక కలిపిన రెండు గుర్తులుగా. తెరమీద తేడా లేదు. రెండు గుర్తుల రూపాన్ని ఒకసారి కాపీ చేసి, ‘వెతికి మార్చు’లో ఒకే గుర్తుగా మార్చెయ్యండి.

కనిపించని విడదీత గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ తర్వాత ఇది లేకపోతే ‘వే’ వత్తుగా దిగి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. వర్డ్‌లో ఇంగ్లీషులో 200సీ అని కొట్టి ఆల్ట్-ఎక్స్ నొక్కితే ఈ గుర్తు పడుతుంది. మాట మధ్యలో ఇది అవసరం. మాట చివర, ‘రామ్’ లాంటి పొల్లు తర్వాత, దీనితో పనిలేదు. అయినా చాలా మార్పిడి పనిముట్లు చివర కూడా వదిలిపెడతాయి. అప్పుడు కంటికి ఒకటే అయిన మాట యంత్రానికి రెండు మాటలవుతుంది. ‘గుర్తు, ఆ తర్వాత ఖాళీ’ని వెతికి ఉత్త ఖాళీగా మార్చండి.

ఇవి కాక జంట ఖాళీలు, కామా ముందు ఖాళీ, ప్రశ్నార్థకం ముందు ఖాళీ, ఒకచోట మూడు ఒకచోట ఆరు చుక్కలు. ఇవన్నీ పది నిమిషాల పని.

తర్వాత మనిషి చదవడం. తెరమీద కాకుండా, ఫాంటు మార్చి, సైజు 16 చేసి కాగితం మీద అచ్చు తీసి చదవండి. కన్ను అలవాటు పడిన పేజీ రూపం మారితే తప్పులు బయటపడతాయి. రెండోసారి ఫోన్‌తో గట్టిగా చదివించుకుని వినండి. కన్ను దాటేసిన ఎగిరిపోయిన మాట, రెండుసార్లు పడిన మాట చెవికి తగులుతాయి. మూడో చదువరి మీరు కాకూడదు.

కథల పేర్లకు వర్డ్‌లో గానీ, అలాంటిదే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసులో గానీ ‘హెడింగ్ 1’ శైలి పెట్టండి. ఉత్త బోల్డ్ చేస్తే రేపు ఈబుక్‌లో విషయసూచిక తయారవదు. ఇంకో మాట: వర్డ్‌కు తెలుగు ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’. పైన పట్టీలో ఫాంటో సైజో మార్చినా తెలుగు మారకపోతే, కంట్రోల్-డి నొక్కి ఆ పేరుతో ఉన్న గడిలో మార్చాలి.

ఇక్కడితో మూలప్రతి తయారైంది. దీనికి తేదీతో పేరు పెట్టి, మరో నకలు ఉత్త టెక్స్ట్‌గా యూటీఎఫ్-8లో దాచండి.

అడుగు 4: అచ్చు

తెలుగు కథల పుస్తకానికి డెమీ 1/8 సైజు వాడుక, అంటే దాదాపు 5.5 × 8.5 అంగుళాలు. ఒక ఫారం (ప్రెస్‌లో ఒకేసారి అచ్చేసి మడిచే కాగితం) 16 పేజీలు. పేజీకి లోపలివైపు 20 మి.మీ., బయటివైపు 15 మి.మీ. అంచు వదిలి, అక్షరం 12.5 పాయింట్లు, వరసల మధ్య 18 పాయింట్లు పెడితే పేజీకి 27 వరసల దాకా పడతాయి. సుమారు 170 మాటలు. ముప్పై వేల మాటల సంపుటి దాదాపు 176 పేజీలు తీసుకుంటుంది. ముందుమాట, విషయసూచిక కలిపితే 12 ఫారాలు, 192 పేజీలు. పేజీలు ఫారం లెక్కకు రాకపోతే చివర తెల్ల కాగితాలకు కూడా డబ్బు కడతారు.

వరసల మధ్య దూరం తగ్గించి పేజీలు మిగుల్చుకుందామనుకుంటారు చాలామంది. ఇంగ్లీషుకు సరిపోయే దూరం తెలుగుకు సరిపోదు. పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తుకింద వత్తు. 18ని 15 చేస్తే ‘రాష్ట్రం’ కింది వత్తులు కింది వరస గుడిని తాకుతాయి.

ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర పూనికతో వచ్చిన రామరాజ, సూరన్న, మండలి, ఎన్‌టీఆర్, పెద్దన, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పుస్తకం లోపలి పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు, పోతన 2000 కూడా బాగుంటాయి. ఎంచుకునే ముందు ఈ వరస కొట్టి చూడండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న, సాఫ్ట్‌వేర్, దుఃఖం, ఋషి, క్రౌర్యం, ₹. ఒక్కటి తేడాగా వచ్చినా ఆ ఫాంటు వద్దు. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో, అంతకు ముందటి ఫాంట్లలో అక్కడ ఖాళీ పెట్టె కనిపిస్తుంది.

పేజీలు కూర్చే నేటి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో చేయిస్తే, పేరాగ్రాఫ్ పట్టీ మెనూలో ‘వరల్డ్-రెడీ’ కంపోజర్ ఎంచుకున్నారో లేదో అడగండి. అది లేకపోతే వత్తులన్నీ పొల్లులుగా విడిపోతాయి. ‘యూనికోడ్ ఇన్‌డిజైన్‌లో పనిచెయ్యదండీ, అనులోనే చేద్దాం’ అని ఆపరేటర్లు చెప్పే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ ఒక్క సెట్టింగే. సాదా కథల పుస్తకానికి లిబ్రేఆఫీసు కూడా చాలు.

ప్రెస్‌కు ఇచ్చే పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదిగి (ఫైల్లోనే కలిసి) ఉండాలి, పాఠం ఒక్క నలుపు రంగులోనే ఉండాలి, బొమ్మలు 300 డీపీఐ, అట్టకు చుట్టూ 3 మి.మీ. అదనం. పాఠం నాలుగు రంగుల నలుపుగా వెళ్తే అక్షరాల చుట్టూ రంగు నీడ పడుతుంది. లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 250 నుంచి 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. 192 పేజీలకు వెన్ను మందం 8–10 మి.మీ. మధ్య వస్తుంది. కచ్చితమైన కొలత ప్రెస్‌నే అడిగాక అట్ట డిజైన్ ముగించండి.

వెయ్యి కాపీలు వెయ్యాల్సిన బలవంతం ఇప్పుడు లేదు. పోతి, నోషన్ ప్రెస్ లాంటి చోట్ల ఆర్డరు వచ్చినప్పుడు ఒక్కో కాపీ అచ్చేస్తారు. కాపీకి ఖర్చు ఎక్కువ, కట్టలు మిగలవు. రెండు మూడు వందలకు పైగా అమ్ముకోగలమని నమ్మకముంటే ఆఫ్‌సెట్ చవక. పుస్తక ప్రదర్శనలకు, అంటే హైదరాబాద్ బుక్‌ఫెయిర్‌కో విజయవాడ పుస్తక మహోత్సవానికో, చేతిలో కాపీలుండాలి కాబట్టి అప్పుడు ఆఫ్‌సెట్టే దారి.

ఐఎస్‌బీఎన్, ప్రతుల సమర్పణ

ఐఎస్‌బీఎన్ (పుస్తకపు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యా శాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో రచయిత తన పేరుతోనే అడగొచ్చు. 13 అంకెలు, మన దేశపు సంఖ్యలు 978-81తో గానీ 978-93తో గానీ మొదలవుతాయి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కు వేరొకటి. అట్ట ప్రెస్‌కు వెళ్లేముందే తీసుకోండి, చివరి నిమిషంలో అడిగితే రాదు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. సొంతంగా వేసుకునే రచయితలు దీన్ని మర్చిపోతుంటారు.

అడుగు 5: ఈబుక్

ఈపబ్ అనే ఈబుక్ ఫైలు అంటే జిప్ చేసిన వెబ్ పేజీల కట్ట. ముప్పై వేల మాటల పాఠం విప్పితే ఏడెనిమిది వందల కేబీ ఉంటుంది, ఒక ఫొటో కంటే తక్కువ. క్యాలిబర్ అనే పనిముట్టులో వర్డ్ ఫైలు (.docx) ఎక్కించి ఈపబ్‌గా మార్చొచ్చు. లోపల చేత్తో సరిచెయ్యడానికి సిజిల్ ఉంది. రెండూ ఉచితం.

తెలుగు ఈపబ్‌లో చూడాల్సినవి ఇవి. భాష గడిలో తెలుగు అని పెట్టాలి. ఇంగ్లీషుగా వదిలేస్తే గట్టిగా చదివే యాప్ తప్పు గొంతు ఎత్తుకుంటుంది. వరస ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్లు. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు ఎక్కడున్నా తీసెయ్యండి, కొన్ని రీడర్లలో అది గుణింతాన్ని హల్లు నుంచి విడదీస్తుంది. రెండువైపులా సమంగా సర్దడం వద్దు: ఫోన్ తెరమీద వరసకు మూడు నాలుగు మాటలే పడతాయి, మన మాటలు పొడుగు, మధ్యలో పెద్ద గుంటలు పడతాయి. ఎడమకు సర్దితే చాలు.

ఫాంటు పొదిగేటప్పుడు ‘సైజు తగ్గించు’ అనే సదుపాయం వాడకండి. అక్షరాలు ఎలా కలవాలో చెప్పే పట్టిక ఫాంటులోనే ఉంటుంది. కత్తిరించే పనిముట్టు కొన్నిసార్లు ఆ పట్టికనే తీసేస్తుంది, అప్పుడు ‘స్త్రీ’ మూడు ముక్కలై కనిపిస్తుంది.

అట్ట 1600 × 2560 పిక్సెళ్లు. చివరగా ఈపబ్ తప్పులు పట్టే ఈపబ్‌చెక్‌తో పరీక్షించి తప్పులు సున్న అయ్యేదాకా దిద్దండి. తర్వాత కనీసం ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఒక ఐఫోన్‌లో తెరిచి చూడండి. కంప్యూటర్‌లో బాగుంది కాబట్టి ఫోన్‌లోనూ బాగుంటుందనుకోవద్దు.

ఎక్కడ పెట్టాలి? గూగుల్ ప్లే బుక్స్ తెలుగు ఈపబ్‌ను తీసుకుంటుంది, ఐఎస్‌బీఎన్ లేకపోతే తనే ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. కిండిల్ కథ వేరు. 2016 చివర్లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాల్లో ఈబుక్కులు మొదలుపెట్టింది. ఆ అయిదింటిలో తెలుగు లేదు. ఎక్కించేముందు వాళ్ల భాషల జాబితా చూడండి. తెలుగు కనిపించకపోతే పేజీల్ని బొమ్మలుగా మార్చి దొడ్డిదారిన ఎక్కించకండి: అక్షరం పెద్దది కాదు, వెతికితే దొరకదు, పట్టుబడితే ఖాతాకే ఎసరు.

కథలు నేరుగా పెట్టుకునే ప్రతిలిపి యాప్ లాంటి చోట్ల సీరియల్ నడుస్తుంది. అక్కడ భాగానికి వెయ్యి, పదిహేను వందల మాటలు, ప్రతి భాగం చివరా ఒక ముడి ఉండాలి. నవలకు సరే. నెమ్మదిగా నడిచే కథను అలా ముక్కలు చేస్తే చచ్చిపోతుంది. దానికి వెబ్ పత్రికలే సరైన చోటు. 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి పత్రికల్లో సంపాదకులు చదివి, దిద్దమని వెనక్కి పంపుతారు. ఎవరైనా దేన్నైనా పెట్టుకోగల కాలంలో ఆ వెనక్కి పంపడం విలువైన సేవ.

హక్కులు: సంతకానికి ముందు

1957 నాటి కాపీరైట్ చట్టంలో రచయితకు పనికొచ్చే అయిదు సంగతులు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకని లెక్క. ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు తిరిగొస్తుంది. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమాలకు ఆ బదిలీ వర్తించదు, పేరు పెట్టి రాసుంటే తప్ప.

కాబట్టి కొత్త ఒప్పందంలో అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా విడివిడి వరసలుగా ఉండాలి, ప్రతిదానికీ గడువు ఉండాలి. ‘అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే కొట్టేయించండి. యాప్‌ల నిబంధనల్లో ‘ఎక్స్‌క్లూజివ్’ అని ఉంటే ఆ కథను వేరే చోట పెట్టకూడదని అర్థం.

మీ పుస్తకం పీడీఎఫ్ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటే ఆ వేదికకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. 2013 నాటి కాపీరైట్ నియమాల కింద సరైన వివరాలతో ఫిర్యాదు అందితే 36 గంటల్లో అందుబాటు ఆపాలి. కోర్టు ఉత్తర్వు తేకపోతే 21 రోజుల తర్వాత మళ్లీ తెరవొచ్చు. అన్నిటి వెంటా పడటం మీ పని కాదు, పెద్ద గ్రూపులు చాలు.

అడుగు 6: పాఠకులను చేరడం

మీ సొంత పాఠకుల జాబితా అన్నిటికంటే గట్టిది. ఫేస్‌బుక్‌లో మీ పోస్టు ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్ నిర్ణయిస్తుంది, జాబితాకు మీరే యజమాని. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్కో జాబితాకు 256 మంది. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది: మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే సందేశం చేరుతుంది. అందుకే సభలో నంబర్లు రాయించుకోవడం చాలదు. అక్కడే వాళ్ల చేత మీ నంబరు సేవ్ చేయించండి. వాట్సాప్ ఛానల్‌కు ఈ ఇబ్బంది లేదు, కానీ అక్కడ పాఠకుడు మీకు నేరుగా తిరిగి రాయలేడు. రచయితకు ఆ జవాబులే కావాలి కాబట్టి మొదట బ్రాడ్‌కాస్ట్, పెరిగాక ఛానల్.

ఎస్‌ఎంఎస్ పంపేవాళ్లకు ఒక లెక్క. ఇంగ్లీషులో ఒక సందేశం 160 అక్షరాలు, తెలుగులో 70. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం, లెక్కలో ఆరు. ఆహ్వానం రెండు వాక్యాలు దాటితే రెండో సందేశం డబ్బు పడుతుంది.

కథ లింకు పంపేటప్పుడు లింకు చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉంచండి. తెలుగులో పెడితే కాపీ చేసినప్పుడు ‘కథ’ అనే రెండక్షరాలు 18 గుర్తులవుతాయి, వాట్సాప్‌లో అరపేజీ శాతం గుర్తులు కనిపిస్తాయి. కథ శీర్షిక, లోపలి పాఠం మాత్రం తెలుగు లిపిలోనే ఉండాలి. లింకుతో పాటు కనిపించే బొమ్మ 1200 × 630 పిక్సెళ్లు. లింకు పైన కథలోంచి రెండు వాక్యాలు పెట్టండి. ‘నా కొత్త కథ, చదివి అభిప్రాయం చెప్పగలరు’ అన్న మాట ఎవరి వేలినీ ఆపదు.

అమెరికాలో ఉన్న పాఠకులు ఉంటే సమయం చూసుకోండి. హైదరాబాదులో రాత్రి 8 గంటలకు డల్లాస్‌లో వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 8:30. అక్కడ అది పనివేళ. వాళ్లకు మన ఆదివారం ఉదయం, అంటే వాళ్ల శనివారం రాత్రి, బాగా కుదురుతుంది.

ముందస్తు ఆర్డర్లకు గూగుల్ ఫారం చాలు: పేరు, చిరునామా, ఆరంకెల పిన్‌కోడ్, ఫోన్ నంబరు, యూపీఐ చెల్లింపు సంఖ్య. పిన్‌కోడ్‌కు విడిగా గడి పెట్టండి. చిరునామాలో కలిపి రాయమంటే పదిలో ఇద్దరు ముగ్గురు మర్చిపోతారు. అచ్చుకు ముందే వచ్చిన ఆర్డర్ల సంఖ్య ఎన్ని కాపీలు వెయ్యాలో చెబుతుంది. పంపడానికి 2025 మే 1న తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. పుస్తకం ఎక్కడుందో చూసుకునే వీలూ ఉంది. 192 పేజీల డెమీ పుస్తకం లెక్క ప్రకారం కవరుతో కలిపి 300 గ్రాముల లోపే తూగాలి. ఒకదాన్ని తూచి చూశాకే అట్ట మందం, కవరు ఖాయం చేసుకోండి.

యాప్‌లు చూపించే ‘రీడ్స్’ అంకెను నమ్మకండి. చాలాచోట్ల అది పేజీ తెరిచిన లెక్కే. మొదటి భాగం తెరిచినవాళ్లలో ఎంతమంది మూడో భాగం దాకా వచ్చారన్నది చూడండి. మూడోదానికి సగానికి సగం పడిపోతే తప్పు ప్రచారంలో లేదు, మొదటి భాగంలో ఉంది.

ఆడియో, క్లుప్తంగా

ఫోన్‌కు పెట్టే కాలర్ మైకు, బట్టల బీరువా పక్కన నిశ్శబ్దమైన గది, ఉచిత ఆడాసిటీ. మోనో, 44.1 కిలోహెర్ట్జ్. అత్యధిక శబ్దం మైనస్ 3 డెసిబెల్స్ దాటకూడదు. ఫ్యాను ఆపండి, ఆ హోరును తర్వాత తీసేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారుతుంది. ‘భ, ఫ, థ’ల గాలి నేరుగా తగలకుండా మైకును నోటికి కాస్త పక్కగా పెట్టండి. చదివేటప్పుడు దొర్లే తప్పులు మూలప్రతిలో ఉన్నవైతే రికార్డింగు ఆపి ముందు అక్కడ గుర్తుపెట్టుకోండి.

తప్పు దొరికినప్పుడు

పుస్తకం బయటికి వెళ్లాక పాఠకులు తప్పులు చెబుతారు. వాటిని ఎక్కించే వరస ఇలా ఉండాలి: ముందు మూలప్రతిలో, తర్వాత ఈపబ్‌లో, తర్వాత వెబ్‌లో ఉన్న కథలో, చివర మలి ముద్రణ పీడీఎఫ్‌లో. పేజీ, వరస, పాత మాట, కొత్త మాట, తేదీ ఒక పట్టికలో రాసుకోండి. ఈబుక్ మొదటి పేజీలో ‘1.1’ లాంటి వెర్షన్ సంఖ్య వెయ్యండి, పాఠకుడు ఫిర్యాదు చేసినప్పుడు ఏ ప్రతి చదివాడో తెలుస్తుంది. డీటీపీ ఆపరేటర్ తన ఫైల్లో నేరుగా దిద్దితే అదే రోజు ఆ మార్పును మూలప్రతిలోకి తెచ్చుకోండి. మూలప్రతి, వాడిన ఫాంట్లు, అట్ట అసలు ఫైలు, ఈ పట్టిక, నాలుగూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఒక నకలు కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో ఉంచి, ఇంట్లో మరొకరికి ఆ ఖాతా వివరాలు చెప్పి పెట్టండి.